రెండు గుమ్మడి పాదుల పందెం

మొన్న తొండుపల్లిలో మా చెల్లెలి మనవరాలు సంధ్య ఇంటికి పోయాను. మేడ ఇల్లు. మేడ మీద ఎటు చూసినా తొట్లే. టమాటాలు, మెంతికూర, పుదీన, ఒక మూలన పెద్ద నీలం డ్రమ్ములో గుమ్మడి తీగ. పక్కనే విమానాశ్రయం కాబట్టి మాట మధ్యలో టక్కున ఆగి, విమానం నెత్తి మీదుగా పోయాక ఆగిన చోటి నుంచే మళ్ళీ అందుకోవడం ఆ ఇంట్లో అందరికీ అలవాటు. అట్లా రెండు విమానాల నడుమ సంధ్య నా ముందు మూడు సంచులు తెచ్చి పెట్టింది. ఒకదాంట్లో నల్లటి పొడి, ఇంకోదాంట్లో ఏదో పిండి, మూడోదాంట్లో తెల్లటి పలుకులు. "అమ్మమ్మా, ఇంట్ల తినే గుమ్మడికాయ గదా. ఈ మూడింట్ల ఏది సేఫ్?" అన్నది. నాకు నవ్వొచ్చింది. నవ్వంటే మామూలు నవ్వు కాదు, తొంభై దగ్గర పడ్డ మనిషి నవ్వకూడని నవ్వు. పక్కటెముకలు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాను. నాకేదో అయిందని ఆ పిల్ల మంచినీళ్ళకు పరుగెత్తింది. పాపం, దానికేం తెలుసు? నా బడి, నేను చేసిన పంతులమ్మ ఉద్యోగం, ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాస్తున్న ఈ చెయ్యి, అన్నీ సరిగ్గా ఆ ప్రశ్న మీదే వేలాడిన ఏడు ఒకటుంది.

మాది సాతంరాయి. ఇప్పుడు బెంగళూరు రోడ్డు మీద కారులో పోతే కళ్ళద్దాలు తుడుచుకునే లోపల దాటిపోతుంది. అప్పుడు మాకు అదే లోకం. మా ఇంటికి గడియారం లేదు, వాసనలే గడియారం. పేడనీళ్ళ సానుపు వాసన వస్తే తెల్లవారినట్టు, జొన్నరొట్టె మాడిన వాసన వస్తే బాపు, అంటే మా నాన్న, పొలానికి బయలుదేరినట్టు, చుట్ట వాసన వస్తే నాయనమ్మ తీరిక చేసుకుని ఎవరినో ఒకరిని తిట్టడానికి కూర్చున్నట్టు. ఏడాదికి రెండుసార్లు పెరట్లో ఆముదం వండేవాళ్ళు. ఆ వాసన ఊరి పొలిమేర దాటేది. వారం దాకా మా బట్టలకూ, జుట్టుకూ, చివరికి మేం తినే అంబలికీ అదే వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆముదం వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది, చెప్తే మా పిల్లలు ముఖం చిట్లిస్తారు.

నా పేరు పెంటమ్మ. నవ్వుకోండి, నాకేం కోపం లేదు. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కలేదట. అందుకని నేను పుట్టగానే నాయనమ్మ నన్ను చేటలో పడుకోబెట్టి, పెరట్లో పెంటకుప్ప మీద పెట్టి, "ఇగ ఇది పెంటది, మాది కాదు" అని గట్టిగా చెప్పి, వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి ఎవరిదో పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చిందట. మా వైపు అది మామూలే, నా ఈడు పెంటయ్యలూ పెంటమ్మలూ ఊరికి అరడజను మంది ఉండేవాళ్ళు. నేను బతికాను. అప్పటి నుంచి నాయనమ్మకు ఆ కుప్ప మీద ఉన్న గురి దేవుడి మీద కూడా లేదనుకుంటాను. మునిమాపున ఇంట్లో దీపం పెట్టాక ఒకసారి పోయి దాన్ని చూసి వచ్చేది. పశువుల పేడ, పొయ్యి బూడిద, ఊడ్చిన చెత్త, ఏది ఎక్కడ పడాలో, ఏది ఎన్నాళ్ళు మాగాలో ఆమెకు ఒక లెక్క. ఇంకొక అలవాటు, ఏ వస్తువు తెచ్చి చూపించినా ముందు నాలుకకు తగిలించి చూసేది. మట్టి కూడా నాకి, ఇది చవుడు, ఇది మంచిది అని చెప్పేది. మాట మీద మాత్రం రాయి. కందుకూరులో తమ్ముడి ఇంట్లో ఏదో పెళ్ళిలో మాట పడి, "నీ ఇంట్ల మంచినీళ్ళు ముట్ట" అని వచ్చిందట. ఆ తర్వాత తమ్ముడితో మాటలు కలిశాయి, రాకపోకలు సాగాయి, కానీ పోయినప్పుడల్లా సాతంరాయి నుంచి కడవతో నీళ్ళు మోసుకుని పోయేది. ఆ ఇంట్లో అన్నం తినేది, మా కడవ నీళ్ళు తాగేది. ఆ కడవ మోసిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

మా చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, పట్నంలో ఏదో దఫ్తరులో చప్రాసీ. సెలవు దొరికినప్పుడు ఊరికొచ్చి బొగ్గుతో అరుగు మీద అక్షరాలు రాసి నాతో దిద్దించేవాడు. అట్లా నాకు ఓనమాలు వచ్చాయి, గుణింతాలు వచ్చాయి, ఏది కనిపిస్తే అది కూడబలుక్కుని చదివే పిచ్చి కూడా పట్టింది. శంషాబాద్‌లో సుందరమ్మ టీచరని ఒకామె తన ఇంటి వసారాలో ఆడపిల్లలకు తెలుగు చెప్పేది. క్రైస్తవుల ఆడపడుచు, తెల్లచీర, నవ్వు ముఖం. చిన్నబాపు నన్ను అక్కడికి పంపమన్నాడు. బాపు ఎప్పటిలాగే తలపాగా సర్దుకుని వాళ్ళమ్మ వైపు చూశాడు.

"ఆడివిల్ల సదివి ఏం జేస్తది? బర్రెకు సదువు జెప్తదా?" అన్నది నాయనమ్మ.

"కాలం మారుతున్నదే అవ్వా. నాలుగచ్చరాలు రాకుంటె రేపు పరేషానైతది," అన్నాడు చిన్నబాపు తల్లితో.

"నాకు రావు. నేనేం పరేషాన్ల ఉన్న?"

ఆమెను చూస్తే నిజంగానే ఏ పరేషానూ ఉన్నట్టు కనిపించలేదు. చిన్నబాపు ఓడిపోయేవాడే. కానీ ఆ రోజు అతని సంచిలో ఒక చిన్న బట్టమూట ఉంది. దఫ్తరులో రైతులకు పంచమని ఇచ్చారట. అందులో తెల్లగా, మెరుస్తూ పలుకులు. దానితోపాటు ఒక అచ్చు కాయితం, ఒక వైపు ఉర్దూ, ఒక వైపు తెలుగు. సీమ ఎరువట, మిషన్లలో చేస్తారట. నాయనమ్మ ముక్కుతో ఒకసారి పీల్చి, "దీంట్ల పెంటేది?" అన్నది. పెంట ఉండదని చిన్నబాపు చెప్తే, ఇంత వయసొచ్చి తన కొడుకు ఇట్లా మోసపోయాడని ఆమె నిజంగానే బాధపడింది. నేను ఆ కాయితం లాక్కుని, అరుగు మీద నిలబడి, గొంతు చించుకుని చదవడం మొదలుపెట్టాను. "ఒక కడవ నీళ్ళకు చిటికెడు. పదునైదు దినముల కొకసారి." ఇంట్లో ఆడపిల్ల నోట అచ్చుమాట వినడం అందరికీ అదే మొదలు. అమ్మ రొట్టె మాడ్చింది.

నాయనమ్మ చుట్ట ఆర్పింది. అది మంచి సూచన కాదు. "సరే. రెండు గుమ్మడి పాదులు వెడ్దాం. ఒకటి నాది, పెంటది. ఒకటి దీనిది, కాయితంది. బతుకమ్మ నాటికి దీని తీగ ఒక్క కాయ కాసిందా, బడికి పంపుత. కాయలేదా, ఇగ ఈ ఇంట్ల సదువు ముచ్చట ఎత్తొద్దు. దూడల ఎంబడి పోతది," అన్నది. నేను ఎగిరి గంతేశాను. ఒక్క కాయేగా! ఊళ్ళో గుమ్మడి తీగ కాయని ఇల్లు నేను చూడలేదు. నాకు అప్పుడే సుందరమ్మ టీచరు వసారాలో కూర్చున్నట్టు అనిపించి, ఉత్సాహం పట్టలేక గడ్డివాము చుట్టూ మూడుసార్లు పరుగెత్తాను.

తొలకరి పడింది. పెరటి దడి పక్కన పది అడుగుల ఎడంగా రెండు పాదులు తవ్వి, ఇంట్లో దాచిన గుమ్మడి గింజలన్నీ వాటిలోనే పెట్టాము. ఇక నాయనమ్మ తన పాదుకు ఎరువు ఎంచుకున్న తీరు చెప్పాలి. పెళ్ళిచూపుల్లో కూడా అన్ని వంకలు పెట్టరు. "ఇంట్ల తినే కాయ. దాని యేరుకు పోయింది మన కడుపుకొస్తది" అని ఒకటే మాట. వానపాములను మేము ఎర్రలనేవాళ్ళం. ఆమె పరీక్షాధికారులు ఆ ఎర్రలే. పగిలిన కుండపెంకులు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో ఎరువు దోసెడు పోసి, తడిపి, పైన ఒక ఎర్రను వదిలేది. ఎర్ర లోపలికి దూరితే ఎరువు పాసు. దూరకుండా పెంకు అంచు పట్టుకుని పారిపోతే ఫెయిలు. ఎర్రలు తవ్వి తేవడం నా పని. పోటీలో అవతలి పక్షానికి నేనే పని చేయడమేమిటని అప్పుడు తట్టలేదు. పావడా నిండా ఎర్రలతో ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి అమ్మ చేత తిట్లు తినడంలో ఉన్న సంతోషం ముందు అదెంత?

పచ్చి కోళ్ళ పెంట మీద పెట్టిన ఎర్ర పెట్టీ పెట్టగానే మెలికలు తిరిగి బయటపడింది. "ఏడి జేస్తది. ఆర్నెల్లు మాగాలె" అని పక్కకు నెట్టింది. కొత్త పేడలో సగం దూరి ఆగిపోయింది. ఆముదం తీశాక గానుగలో మిగిలిన పిండిలో ఎర్ర హాయిగానే దూరింది కానీ నాయనమ్మ దాన్నీ వద్దన్నది. "చెట్టుకు మంచిదే. మన కుక్క వాసనకొచ్చి తవ్వుకొని తిన్నదనుకో, సస్తది. ఇంటెనుక పాదుకు వద్దు, పొలంల ఏసుకోవాలె." ఆ కుక్క మాత్రం తన ప్రాణం గురించి జరుగుతున్న చర్చ పట్టనట్టు నిద్రపోతూ ఉంది. చివరికి గెలిచింది మా కుప్ప అడుగున రెండేళ్ళు మాగిన పెంట. నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా. ఎర్రను వదిలితే కళ్ళు మూసి తెరిచేలోగా మాయమైంది. దానికి మేకపెంటికలూ, జల్లించిన పొయ్యి బూడిదా గుప్పెడు, చెరువు మట్టి ఒక తట్ట కలిపింది. నేను పట్టుబడితే నా తెల్ల పలుకులకూ పరీక్ష పెట్టింది. ఎర్ర వాటిని తాకిందో లేదో, అంత దూరం ఎగిరిపడ్డది. నాయనమ్మ నా వైపు చూసి, చేతులు దులుపుకుని పోయింది. నాకు ఏడుపొచ్చింది కానీ కాయితంలో ఎర్ర సంగతి ఎక్కడా రాసి లేదని నన్ను నేనే ఓదార్చుకున్నాను.

కాయితంలో చిటికెడని ఉంది. మొదటిసారి చిటికెడే వేశాను. మూడు రోజుల్లో ఆకు ముదురుపచ్చగా తిరిగింది. ఇక నా చెయ్యి ఆగుతుందా? పదిహేను రోజులన్నది నాలుగు రోజులైంది, చిటికెడన్నది రెండయింది, మూడయింది. నా తీగ నిజంగానే పొంగిపోయింది. దడి ఎక్కింది, దడి దిగింది, పశువుల కొట్టం కప్పు ఎక్కింది, అక్కడి నుంచి పొరుగువాళ్ళ గోడ మీదికి చెయ్యి చాపింది. ఒక్కో ఆకు అన్నం తినే పళ్ళెమంత. వాడలోని వాళ్ళంతా చూడ్డానికి వచ్చేవాళ్ళు. నేను దడి పక్కన నిలబడి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ కాయితం చదివి వినిపించేదాన్ని. నాయనమ్మ తీగ పక్కనే ఉండేది, మోతాదుగా, మర్యాదగా, ఎవరూ చూడ్డానికి రాకుండా. ఆ రోజుల్లో నాకున్న పొగరు ఆ తర్వాత హెడ్‌మిస్ట్రెస్ అయినప్పుడు కూడా లేదు.

పూలు వచ్చాయి. నా తీగకు పచ్చగా, నిండుగా, వందల కొద్దీ పూలు. రోజూ పొద్దున్నే పూల కింద చూసేదాన్ని. గుమ్మడికి కాయ కాసే పువ్వు అడుగున ముందే గోలీ అంత పిందె ఉంటుంది. నా పూలకు పిందెలు లేవు. అన్నీ సన్నటి కాడలే. నాయనమ్మ తీగకు పూసినవి పాతిక పూలు కూడా ఉండవేమో, అయిదు పిందెలు దిగాయి. ఆ తెల్ల ఎరువు ఆకును పెంచుతుందనీ, ఎక్కువైతే తీగ కాయ సంగతి మరిచిపోతుందనీ నాకు ఎన్నో ఏళ్ళకు గానీ తెలియలేదు. అప్పుడు తెలిసిందల్లా వినాయకచవితి దాటిందనీ, బతుకమ్మ దగ్గర పడిందనీ, నా తీగకు కాయ లేదనీ. రాత్రీ పగలూ సుందరమ్మ టీచరు వసారా నా కళ్ళ ముందు కనిపించి, అంతకంతకూ దూరం పోతున్నట్టుండేది.

ఇక నేను చేసిన పాపం చెప్పాలి. మా వైపు పిందెను చూపుడువేలితో చూపించరు. చూపిస్తే కుళ్ళిపోతుందని భయం. చూపించాల్సి వస్తే వేలు మడిచి, కణుపుతో చూపిస్తారు. ఒక మధ్యాహ్నం నాయనమ్మ అరుగు మీద కునుకు తీస్తుంటే నేను ఆమె పాదు దగ్గరికి పోయి, అయిదు పిందెలకూ ఎదురుగా గొంతుక్కూర్చుని, ఒక్కోదానికి వేలు పెట్టి చూపించాను. కుడిచేతి వేలు చాలదేమోనని ఎడమచేతి వేలు కూడా. అది కూడా చాలదేమోనని కాలి బొటనవేలు. ఆమె తీగ కాయకపోతే పందెం సమానమవుతుందని నా ఆలోచన. మూడో రోజు ఒక పిందె పసుపుపచ్చగా తిరిగి మెత్తబడింది. మాపటికి ముద్ద దిగలేదు. మరునాడు పొద్దున నాయనమ్మ చుట్ట ముట్టిస్తుంటే పోయి ఎదురుగా నిలబడ్డాను.

"నాయినమ్మా, నేనే సంపిన."

"ఎవలినే?" చుట్ట కింద పడింది. దూడలను లెక్కపెట్టుకుంటూ కొట్టం వైపు చూసింది.

"పిందెను. ఏలువెట్టి సూపెట్టిన. అయిదింటికీ సూపెట్టిన. కాలేలు సుత వెట్టిన." ఏడుపులో నాకే నా మాట వినిపించలేదు.

నాయనమ్మ లేచి పోయి ఆ మెత్తబడ్డ పిందెను తెంపింది. కొడవలితో రెండుగా కోసి నా ముఖం ముందు పెట్టింది. లోపల తెల్లగా సన్నటి పురుగులు. "ఈగ పొడిసి గుడ్లు వెట్టింది. అయిదింటికి సూపెడితే ఒక్కటే ఎట్ల సచ్చింది? నీ ఏలుకు గంత బలముంటె, నిన్ను దీసుకపోయి దొర గడీ ముంగట నిలవెట్టకపోదునా?" అన్నది. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. "గంతగనం పోవాలెనా బడికి?" అని మెల్లగా అడిగింది. నేను తల ఊపాను. ఆమె కింద పడ్డ చుట్ట వెతుక్కుంది.

బతుకమ్మకు వారం ముందు మా బర్రె ఈనింది. చక్కెర, గ్యాసునూనె దొరకని యుద్ధపు రోజులు. ఉప్పు కూడా ఒక్కోసారి కరువే. ఈనిన బర్రెకు తవుడులో ఉప్పు కలిపి పెట్టాలి. నాయనమ్మ ఇల్లంతా వెతికితే అటక మీద నా ఎరువు మూట దొరికింది. అలవాటు చొప్పున నాలుకకు తగిలించింది. ఆమె ముఖం వెలిగిపోయింది. "ఉప్పే! వాని దుంపదెగ, మీ చిన్నబాపు ఉప్పును తెచ్చి ఎరువని జెప్పిండు! గందుకే నీ తీగ కాయలే!" అంటూ మూట మొత్తం తవుడు గంపలో కుమ్మరించబోయింది. నేను అడ్డం పడి గంపను పట్టుకున్నాను. కాయితం తీసి, కింది వరస చదివాను. "పశువులకును, పిల్లలకును అందనీయరాదు. తినిన యెడల ప్రమాదము."

"ఇన్ని దినాలు గది సదువలేదు గద? బడి కోసం కతలు వడ్తున్నవ్."

"లేదు నాయినమ్మా, గిక్కడ ఉన్నది. సూడు."

"నేనేం సూడాలె? మల్ల సదువు." చదివాను. "మల్ల." మళ్ళీ చదివాను. అక్షరం తేడా లేదు. ఆమె గంప వైపు చూసింది, బర్రె వైపు చూసింది, నా వైపు చూసింది. మూట ముడివేసి పైన పెట్టింది. కాయితాన్ని మడిచి బొడ్లో చెక్కుకుని, "నడువ్, శంషాబాద్ పోదాం," అన్నది.

సుందరమ్మ టీచరు ఇంటికి పోయాక నాయనమ్మ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. నేను కళ్ళతో సైగ చేస్తానని అనుమానపడి, నన్ను బాట అవతల, ముఖం అటు తిప్పి నిలబెట్టింది. టీచరుతో ఆ కింది వరస చదివించింది. ఆమె లోపలికి పోయి వచ్చే లోపల, నేల మీద కూర్చున్న ఒక పెద్ద పిల్లతో చదివించింది. తర్వాత నన్ను పిలిచి, వాళ్ళిద్దరి ముందు చదవమన్నది. ముగ్గురి నోటా అవే మాటలు. నాయనమ్మ కాయితాన్ని తిప్పి వెనక వైపు చూసింది, మళ్ళీ ముందుకు తిప్పింది.

"ముగ్గురు సదివితె ఒక్కటే ముచ్చట ఎట్లొచ్చిందమ్మా?" అని టీచరును అడిగింది.

"దాని మీద రాసి ఉంది కదమ్మా. ఎవరు చదివినా అదే వస్తుంది," అన్నది టీచరు. ఆమె నవ్వలేదు. అందుకు నేను ఆమెను జీవితమంతా గౌరవించాను.

తిరిగి వస్తుంటే నాయనమ్మ ఊరు కనిపించాక ఆగింది. "మనిషైతె పొద్దుగాల ఒకటి జెప్తడు, మాపటికి ఒకటి జెప్తడు. పెద్దోనికి ఒకటి, పేదోనికి ఒకటి. గీ కాయితం ఎవలకైనా ఒక్కటే జెప్తది," అన్నది. నాకు ఆశ పుట్టింది. "గట్లయితె నన్ను బడికి..." అన్నాను. "పందెం పందెమే. నేను మాట తప్ప," అని గబగబా నడిచింది.

మొన్న సంధ్య ఆ మూడు సంచుల మీద రాసిందంతా నాకు గడగడా చదివి వినిపించింది, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. ఫోనులో ఇంకా ఏవేవో చదివింది. అంతా చదివి, అంతా తెలిసి, చివరికి ఏది నమ్మాలో తోచక నన్ను అడిగింది. మా నాయనమ్మకు ఒక్క అక్షరం రాదు, కానీ తన పాదులో ఏం వెయ్యాలో ఎవరినీ అడగలేదు. ఏ కాలం మేలో నేను చెప్పలేను, నాకు రెండూ ఇష్టమే. ఆ పిల్లకు మాత్రం మాగిన నల్లపొడి వేసుకోమన్నాను. ఆముదపు పిండి ఇంట్లో తిరిగే బొచ్చుకుక్కకు అందకుండా చూసుకోమన్నాను. తెల్ల పలుకులు వేస్తే చిటికెడే వెయ్యి, చిటికెడంటే చిటికెడే, అని రెండుసార్లు చెప్పాను. ఎర్రల పరీక్ష సంగతి చెప్తే ఎర్రలెక్కడ దొరుకుతాయి అని అడిగింది. అప్పుడే ఇంకో విమానం వచ్చింది.

పందెం తేలాల్సిన సద్దుల బతుకమ్మ నాడు అమ్మా నేనూ వాడలోని ఆడవాళ్ళందరితో కలిసి గునుగు పూలకూ తంగేడు పూలకూ పొలాల మీద పడ్డాము. నాయనమ్మ మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే ఆగింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులున్నట్టు నేను అదే వినడం. మేము పూలతో తిరిగొచ్చేసరికి మా పెరడు నిండా జనం. బతుకమ్మను పేర్చాలంటే అడుగున గుమ్మడాకులు పరవాలి, నడుమ గుమ్మడి పూలు కావాలి. ఆ ఏడు ఊళ్ళో అందరికీ మా తీగే గుర్తొచ్చింది. కాయని నా తీగ! తలా పది ఆకులు, పిడికెడు పూలు కోసుకుంటున్నారు. "పెంటమ్మ తీగే తీగ" అంటున్నారు. నాకు సంతోషమూ దుఃఖమూ కలిసి వచ్చాయి. ఓడిపోయినా ఊరందరి బతుకమ్మలూ నా ఆకుల మీదే కూర్చుంటాయి కదా అని ఒక పక్క, రేపటి నుంచి దూడల వెంట పోవాలి కదా అని ఒక పక్క.

"ఏమయ్యా, పందెం సంగతి తేల్సు. దీని తీగ కాసిందా లేదా సూడు," అని నాయనమ్మ బాపును కేకేసింది. నేను తల వంచుకున్నాను. బాపు తలపాగా సర్దుకుని, ఆకులు ఎత్తుతూ పోయి, కొట్టం గోడ దగ్గర ఆగిపోయాడు. అందరం వెనకాలే పోయాము. ఆకుల కింద, గడ్డి పరిచిన చోట, ఆకుపచ్చటి గుమ్మడికాయ. పెద్దకాయ. తొడిమ దగ్గర జనపనార దారంతో మూడు చుట్లు చుట్టి, తీగకు కట్టి ఉంది. తొడిమ కోసిన చోట ఇంకా తడి ఆరలేదు.

బాపు వంగి ఆ దారాన్ని వేలితో తాకాడు. తన తల్లి వైపు చూశాడు. ఆమె కొంగు నడుముకు బిగించి, దేవుడి గుడిలో నిలబడినట్టు నిలబడింది.

"కాసిందా, లేదా?"

బాపు లేచి చేతులు దులుపుకున్నాడు. "కాసిందవ్వా," అన్నాడు.

"మరింకేంది. మాటంటె మాటే. బడికి పంపు," అన్నది. అప్పుడు ఎవరో కిసుక్కున నవ్వారు, ఇక పెరడంతా పక్కున పగిలింది. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు, బాపు నవ్వాడు, నన్ను ఎవరో ఎత్తి గిరగిరా తిప్పారు. నేను, తెలివితక్కువదాన్ని, "కట్టి ఉన్నది గద" అనబోతే అమ్మ నా భుజం మీద గట్టిగా గిల్లింది.

సాయంత్రం బతుకమ్మ ఆట సందడిలో నేను ఒక్కదాన్నే నాయనమ్మ పాదు దగ్గరికి పోయాను. బతికిన నాలుగు పిందెల్లో మూడింటిని లేతగానే పండగ కూరకూ ఇరుగుపొరుగుకూ కోసేసింది. నాలుగోదాని మీద సున్నపు బొట్టు పెట్టి, విత్తనపు కాయ, ఎవరూ ముట్టొద్దని చెప్పి ఉంచింది. ఇప్పుడు అక్కడ కొడవలితో కోసిన కాడ మాత్రమే ఉంది. నా తీగకు కాసిన కాయను మళ్ళీ పోయి చూశాను. సున్నం తుడిచిన తెల్లటి మరక దాని మీద ఇంకా ఉంది.

మరునాడు అమ్మ దాన్ని బెల్లం వేసి వండింది. లోపల గింజలు పాలు కట్టి ఉన్నాయి, విత్తనానికి పనికిరావు. నాయనమ్మ రెండుసార్లు అడిగి వడ్డించుకుని తిన్నది, పెంటమ్మ కాయ తియ్యగుందని మెచ్చుకుంది. ఆ తర్వాతి తొలకరికి మా పెరట్లో గుమ్మడి పాదు పెట్టలేదు. ఆ గింజ ఆమె తల్లి పెళ్ళినాడు కొంగున కట్టి పంపిందట, ఒక్క ఏడు కూడా తప్పకుండా విత్తనం నిలుపుకుంటూ వచ్చిందట. ఆ సంగతి అమ్మ నాకు చెప్పేసరికి నేను రెండో వాచకం చదువుతున్నాను.